కాలేజీ లైబ్రరీలో డిజిటల్ సాధనాలు: శ్రీకాకుళం విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా డిగ్రీ, పీజీ విద్యార్థులు, రీసెర్చ్ స్కాలర్లు, కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు లైబ్రరీ కౌంటర్ దగ్గర మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కౌంటర్‌కి ఇవతల కూర్చునే మనిషిగా నాకు తెలిసినంత వరకు జవాబులు రాశాను. విజయనగరం వాళ్లకీ చాలావరకు ఇవే సరిపోతాయి. మొదటి నుంచి చివరి దాకా చదవాలనేమీ లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

డిజిటల్ లైబ్రరీ అంటే కంప్యూటర్లు పెట్టిన గదేనా?

గది అందులో ఒక భాగం, అంతే. ఆ గదికి తాళం వేసి ఉన్నా మీ ఫోన్‌లో తెరుచుకునేవి చాలా ఉన్నాయి. లైబ్రరీలో ఏ పుస్తకం ఉందో, ఎవరైనా తీసుకెళ్లారో చూపించే ఆన్‌లైన్ క్యాటలాగ్, అంటే ఓపాక్, వాటిలో మొదటిది. దానికి మన దగ్గర ఎక్కువగా కోహా గానీ, ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్ర సంస్థ వాళ్ల సోల్ సాఫ్ట్‌వేర్ గానీ వాడతారు. ఆ తర్వాత ఈ-బుక్స్, ఈ-జర్నల్స్ (పరిశోధన వ్యాసాలు, అంటే పేపర్లు వేసే పత్రికలు), పీహెచ్‌డీ థీసిస్‌లు, మీ కాలేజీ దాచుకున్న పాత ప్రశ్నపత్రాలు, రిఫరెన్సులు సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్లు, కాపీ ఎంతుందో చూసే సాఫ్ట్‌వేర్లు. ఇవన్నీ కలిపితేనే డిజిటల్ లైబ్రరీ.

ఏటి సార్, ఇదంతా ఫ్రీయేనా?

మీకు ఫ్రీయే. కానీ ఎవరో ఒకరు డబ్బు కట్టారు: మీ కాలేజీయో, యూనివర్సిటీల్ని పర్యవేక్షించే యూజీసీయో, ప్రభుత్వమో. ఫైనలియర్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి డబ్బులిచ్చి ప్రాజెక్టు మెటీరియల్ ప్రింట్ తెచ్చుకునే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అదే మెటీరియల్, అంతకంటే మంచిది, వాళ్ల పేరు మీద ముందే కొని పెట్టి ఉంది. ఆ సంగతి వాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

మా కాలేజీకి ఏమేం ఉన్నాయో ఎలా తెలుసుకోవాలి?

లైబ్రేరియన్‌ని మూడు ప్రశ్నలు అడగండి, వాటిలోని పేర్ల సంగతి కింద చెబుతాను. ఎన్-లిస్ట్ సభ్యత్వం ఉందా? ఒకే దేశం ఒకే చందా పథకంలో మన కాలేజీ ఉందా? డెల్‌నెట్ ఉందా? వీటిలో దేనికి "ఉంది" అని జవాబొచ్చినా, వెంటనే "నాకు లాగిన్ ఇవ్వండి" అనండి. మొహమాటం అక్కర్లేదు, అది మీ హక్కు.

ఎన్-లిస్ట్ అంటే ఈ-బుక్స్, ఈ-జర్నల్స్ అందించే పథకం, ఎక్కువగా ఆర్ట్స్, సైన్స్, కామర్స్ డిగ్రీ కాలేజీల కోసం. నడిపేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్. ఇందులో ఈ-బుక్సే దాదాపు 2 లక్షలు. ఇంజనీరింగ్ కాలేజీల్లో, లైబ్రరీలని ఒకదానితో ఒకటి కలిపే డెల్‌నెట్ ఎక్కువ కనిపిస్తుంది. మీ లైబ్రరీలో లేని పుస్తకాన్ని ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించే సౌకర్యం కూడా అందులో ఉంది.

లాగిన్ మెయిల్ రాలేదు. వచ్చినా పాస్‌వర్డ్ మర్చిపోయాను.

కౌంటర్ దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట ఇదే. అడ్మిషన్ అప్పుడు నెట్ సెంటర్ అబ్బాయి తన దగ్గరున్న ఏదో మెయిల్ ఐడీ రాసేస్తాడు. లాగిన్ వివరాలు దానికి వెళ్లిపోతాయి, మీరేమో ఎదురు చూస్తూ ఉంటారు. మీరు రోజూ చూసుకునే మెయిల్ ఐడీని ఒక చీటీ మీద స్పష్టంగా రాసి లైబ్రేరియన్‌కి ఇవ్వండి. అయిదు నిమిషాల్లో మార్చేస్తారు. అప్పటికీ రాకపోతే స్పామ్ ఫోల్డర్ చూడండి. మర్చిపోయిన పాస్‌వర్డ్‌కి కొత్తది పెట్టుకునే లింక్ లాగిన్ పేజీలోనే ఉంటుంది.

ఒకే దేశం ఒకే చందా అంటే ఏమిటి? మాకు వర్తిస్తుందా?

పెద్ద ప్రచురణ సంస్థల జర్నల్స్‌కి ఒక్కో యూనివర్సిటీ విడివిడిగా చందా కట్టే బదులు, దేశం మొత్తానికి కేంద్ర ప్రభుత్వమే కట్టే పథకం ఇది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకి చెందిన దాదాపు 13,000 జర్నల్స్ ఇందులో ఉన్నాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలో ఉన్న 6,300 పైచిలుకు విద్యా, పరిశోధనా సంస్థల కోసం దీన్ని మొదలుపెట్టారు.

మీది ప్రభుత్వ కాలేజీ గానీ ప్రభుత్వ యూనివర్సిటీ గానీ అయితే లైబ్రరీకి వెళ్లి అడగండి. ప్రైవేటు కాలేజీలు తొలి దశలో లేవు. మన జిల్లాల్లో ఎక్కువ మంది పిల్లలు చదివేది ప్రైవేటు కాలేజీల్లోనే కాబట్టి ఇది పెద్ద లోటేనని నా అభిప్రాయం. ఇంకో సంగతి, ఇందులో ఉన్నవి జర్నల్సే. పాఠ్యపుస్తకాల కోసం వెతికితే దొరకవు.

గూగుల్ ఉండగా ఇవన్నీ ఎందుకు?

మన జిల్లా సంగతే ఒకటి తీసుకుని చూద్దాం. మీ ప్రాజెక్టు ఉద్దానం కిడ్నీ జబ్బు మీద అనుకోండి. మామూలు గూగుల్‌లో కొడితే వార్తలు, యూట్యూబ్ వీడియోలు, నాయకుల ప్రకటనలు వస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస పేర్లు వస్తాయి, బాధితుల కథలొస్తాయి. అవీ కావలసినవే. కానీ ఎంతమందిని పరీక్షించారు, నీళ్లలో ఏం చూశారు, ఏ కారణాన్ని ఎందుకు పక్కన పెట్టారు అన్నవి వార్తల్లో దొరకవు.

ఇప్పుడు పరిశోధన పేపర్లని వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ తెరవండి. ఇంగ్లీషులో ఉద్దానం అని ఒక్క మాటే కొట్టండి. డాక్టర్లు, భూగర్భ శాస్త్రవేత్తలు రాసిన పేపర్లు కనిపిస్తాయి. వాటి శీర్షికలు జాగ్రత్తగా చదవండి. మనం కిడ్నీ జబ్బు అంటాం, వాళ్లు క్రానిక్ కిడ్నీ డిసీజ్ ఆఫ్ అన్‌నోన్ ఎటియాలజీ అంటారు, పొట్టిగా సీకేడీయూ అంటారు. ఆ మాట పట్టుకుని మళ్లీ వెతికితే శ్రీలంకలో వరి పండించే ప్రాంతాల మీద, మధ్య అమెరికా చెరకు తోటల కూలీల మీద వచ్చిన పేపర్లు బయటికొస్తాయి. మన కొబ్బరి తోటల మధ్య ఉన్న బాధ ప్రపంచంలో ఇంకెక్కడెక్కడ ఉందో అప్పుడు తెలుస్తుంది. నన్నడిగితే ప్రాజెక్టు అసలు మొదలయ్యేది అక్కడే.

ప్రతి పేపరు కింద సైటెడ్ బై అని ఒక లింక్ ఉంటుంది. నొక్కితే ఆ పేపర్ని వాడుకుని తర్వాత వచ్చినవన్నీ కనిపిస్తాయి. కుడిపక్కన పీడీఎఫ్ అని ఉంటే ఫ్రీగా దొరికినట్టే. లేకపోతే శీర్షిక కాపీ చేసుకుని మీ లైబ్రరీ లాగిన్‌తో వెతకండి. వైద్యానికి సంబంధించిన అంశాలకి, వైద్య పేపర్లని వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్ కూడా చూడండి, అది అందరికీ ఫ్రీ. గూగుల్ స్కాలర్‌లో పేపర్లు ఏ సంవత్సరం నుంచి కావాలో ఎడమపక్కన పెట్టుకోవచ్చు. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి మొదలైంది 2023 డిసెంబరులో. అంతకు ముందు వచ్చిన పేపర్లలో దాని ఊసు ఉండదు. కాబట్టి చికిత్స సౌకర్యాల మీద రాసేవాళ్లు సంవత్సరం చూసుకోకపోతే పాత పరిస్థితినే ఇప్పటిదిగా రాసేస్తారు.

రెండు మూడు మాటలు కలిసే రావాలంటే వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఈ చిన్న పని తెలిస్తే వెతుకులాటలో సగం టెన్షన్ పోతుంది.

శోధగంగలో ఏముంటుంది? నేను చదివేది డిగ్రీయే, నాకెందుకు?

దేశంలోని యూనివర్సిటీలు ఇచ్చిన పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ పెడతారు. 5 లక్షలు దాటాయి. లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా చదువుకోవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం పేర్లతో వెతికితే మన ప్రాంతం మీద జరిగిన పనులు ఎదురవుతాయి: జీడిమామిడి, మత్స్యకారుల వలస, సవర, జాతాపు గిరిజనులు, వంశధార ఆయకట్టు, ఇలా. మీ ఊరి మీద ఎవరో మూడు నాలుగేళ్లు కూర్చుని పని చేసి ఉండొచ్చు, అది మీకు తెలియకపోవచ్చు.

డిగ్రీ విద్యార్థి థీసిస్ మొత్తం చదవక్కర్లేదు. శోధగంగలో ఒక్కో అధ్యాయం ఒక్కో పీడీఎఫ్‌గా ఉంటుంది, అది మనకు చాలా అనుకూలం. ముందు విషయసూచిక ఫైల్ తెరవండి. తర్వాత రివ్యూ ఆఫ్ లిటరేచర్ అధ్యాయం ఒక్కటి దించుకోండి. ఆ అంశం మీద అంతకు ముందు ఎవరెవరు ఏం రాశారో ఆ అధ్యాయంలోనే వరసగా ఉంటుంది. ఆఖర్న అనుబంధంలో ప్రశ్నావళి ఉంటుంది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం ఊళ్లో సర్వే చేసేవాళ్లు ప్రశ్నలు ఎలా తయారు చెయ్యాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. నేర్చుకోవడం వరకే. ఉన్నదున్నట్టు ఎత్తి రాయకండి, ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పండి.

అన్ని థీసిస్‌లూ ఒకే నాణ్యతతో ఉండవు. అచ్చయిన ప్రతి మాటా నిజమనుకోకుండా అంకెల్ని ఇంకో చోట సరిచూసుకోండి.

తెలుగులో ఏమీ దొరకడం లేదు. తెలుగు ఎమ్మే వాళ్లం ఏం చెయ్యాలి?

ఉన్నాయి. దొరకకపోవడానికి కారణం ఎక్కువగా వెతికే పద్ధతే. చాలా లైబ్రరీల్లో తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. కొన్నిచోట్ల తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. ఒకే లైబ్రరీలో సగం అలా, సగం ఇలా కూడా ఉంటాయి. గురజాడ అని తెలుగులో కొడితే రానిది ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే వస్తుంది. గిడుగు రామమూర్తి పేరునైతే పంతులుతో, పంతులు లేకుండా, చివర వై పెట్టి, ఐ పెట్టి, ఎన్ని రకాలుగా ఎక్కించారో. అందుకని రెండు లిపుల్లోనూ వెతకండి. పేరంతా కొట్టకుండా ఒక్క ముక్క కొట్టండి.

పాత పుస్తకాలకి ఇంటర్నెట్ ఆర్కైవ్ పెద్ద దిక్కు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇప్పుడు అక్కడ ఉన్నాయి. అక్కడ కూడా శీర్షికలు ఇంగ్లీషు అక్షరాల్లోనే, చాలాసార్లు తప్పుల తడకగా ఉంటాయి. ఓపిక కావాలి. తెలుగు వికీసోర్స్‌లో మాత్రం పుస్తకాన్ని మళ్లీ టైపు చేసి, దిద్ది పెడతారు కాబట్టి లోపలి మాటల్ని కూడా వెతకొచ్చు. నిఘంటువులకి ఆంధ్రభారతి వెబ్‌సైట్ ఉంది.

స్కాన్ చేసిన పేజీలోంచి ఒక పేరా కావాలంటే కూర్చుని టైపు కొట్టక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరిచి పేజీ మీద పెడితే తెలుగు అక్షరాల్ని పట్టుకుంటుంది. వొత్తుల దగ్గర, అరసున్నాల దగ్గర పొరపడుతుంది, ఒకసారి దిద్దుకోవాలి. అను ఫాంట్‌లో టైపు చేసిన పాత ఫైల్ కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా ఒకేలా కనపడే అక్షరాల పద్ధతి) కాదు, అందుకే. మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీరు కొత్తగా రాసేది మాత్రం మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైపు చెయ్యండి. మీ డిసర్టేషన్ రేపు ఇంకొకరికి దొరకాలంటే అదొక్కటే దారి.

నా దగ్గర ల్యాప్‌టాప్ లేదు, ఊళ్లో సిగ్నల్ ఉండదు.

ఫోన్ చాలు. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకి నేను చెప్పే పద్ధతి ఒక్కటే. కాలేజీలో ఉన్నప్పుడు వెతకండి, వైఫైలో పీడీఎఫ్‌లు దించుకోండి, ఇంటికెళ్లి చదవండి. దించిన ఫైల్‌కి అక్కడికక్కడే రచయిత పేరు, సంవత్సరం పెట్టి సేవ్ చెయ్యండి. లేకపోతే వారం తర్వాత డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అంకెల పేర్లతో ముప్పై ఫైళ్లు కనపడతాయి, ఏది ఏదో తెలియదు.

ఇంగ్లీషు పేపర్లు అర్థం కావడం లేదు.

మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవకండి. ముందు అబ్‌స్ట్రాక్ట్, తర్వాత ఆఖర్న ఉండే కన్‌క్లూజన్, ఆ తర్వాత పట్టికలు. ఇంత చదివాక కావాలనిపిస్తేనే మిగతాది. అనువాద యాప్ వాడుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే సాంకేతిక పదాల్ని ఇంగ్లీషులోనే గుర్తు పెట్టుకోండి, మళ్లీ వెతకడానికి అవే కావాలి.

రిఫరెన్సులు రాయడం పెద్ద తలనొప్పి. సులువైన దారి ఉందా?

జోటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఫ్రీ. పేపరు మీద ఉండే డీఓఐ నంబరు, అంటే ఆ పేపరు గుర్తింపు నంబరు, ఎక్కిస్తే రచయిత, శీర్షిక, సంవత్సరం, పేజీలు అన్నీ అదే తెచ్చుకుంటుంది. వర్డ్‌లో మీరు రాస్తుంటే చివర్లో రిఫరెన్సుల పట్టిక తనే తయారు చేస్తుంది. తెలుగు పుస్తకాలకి వివరాలు చాలావరకు రావు, చేత్తో నింపాలి. ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజే దీన్నీ మొదలుపెట్టండి. సబ్‌మిషన్ ముందు రాత్రి మొదలుపెడితే లాభం లేదు.

చాట్‌జీపీటీని అడిగితే రిఫరెన్సులు కూడా ఇచ్చేస్తోంది కదా?

ఇస్తుంది. వాటిలో కొన్ని అసలు లేనివి. రచయిత పేరు నిజమే, జర్నల్ పేరు నిజమే, ఆ పేపరు మాత్రం ఎవరూ రాయలేదు. అలాంటి జాబితా పట్టుకుని "ఇవి తెప్పించండి" అని వచ్చిన పిల్లలతో కూర్చుని ఒక్కొక్కటీ వెతికి, లేవని చూపించాల్సి వస్తోంది. ఏఐ ఇచ్చిన ప్రతి రిఫరెన్సునీ గూగుల్ స్కాలర్‌లో వెతికి, పేపరు కళ్లారా చూశాకే రాయండి. ఏ మాటలతో వెతకాలో అడగడానికి, కష్టమైన పేరా అర్థం చేసుకోవడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

ప్లేజరిజం ఎంత శాతం వరకు పర్వాలేదు?

ప్లేజరిజం అంటే ఇంకొకరు రాసింది మనదిగా ఎత్తి రాయడం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. యూనివర్సిటీలకి ఇన్‌ఫ్లిబ్‌నెట్ శోధశుద్ధి పేరుతో 2019 నుంచి సాఫ్ట్‌వేర్ అందిస్తోంది. మీ గైడ్ ద్వారా లైబ్రరీలో చూపించుకోవాలి.

మాటలు అటూ ఇటూ మార్చి శాతం తగ్గించే వెబ్‌సైట్ల జోలికి పోకండి. అవి అర్థాన్నే పాడు చేస్తాయి, వైవాలో మీరు రాసింది మీరే వివరించలేకపోతారు.

డబ్బు కడితే వారంలో పేపర్ వేస్తామని మెసేజ్ వచ్చింది. నమ్మొచ్చా?

నమ్మకండి. వారంలో వేస్తామన్నారంటే ఎవరూ చదవకుండా వేస్తున్నారనే. తమ జర్నల్ యూజీసీ-కేర్ లిస్ట్‌లో, అంటే యూజీసీ గుర్తించిన జర్నల్స్ జాబితాలో, ఉందని చెప్పి అడిగితే ఇంకా జాగ్రత్త, ఆ లిస్ట్‌ని యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. థీసిస్ ఇచ్చే ముందు పేపరు వెయ్యాలనే షరతు కూడా యూజీసీ 2022 నిబంధనల్లో లేదు. మీ యూనివర్సిటీ సొంతంగా ఏమైనా పెట్టిందేమో కనుక్కోండి. డబ్బు కట్టే ముందు జర్నల్ పేరు లైబ్రేరియన్‌కి చూపించండి. అందరికీ ఫ్రీగా చదవనిచ్చే జర్నల్స్ జాబితా అయిన డీఓఏజేలో ఉందో లేదో చూడటం, ఎడిటర్లు నిజంగా ఉన్నారో లేదో కనుక్కోవడం ఎంతో సేపు పట్టదు.

చూపు లేని విద్యార్థులకి ఏమున్నాయి?

కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా చదివి వినిపిస్తుంది. చదవడానికి వీలైన రూపంలో పుస్తకాల కోసం సుగమ్య పుస్తకాలయ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. చిక్కల్లా ఒకటే: స్కాన్ చేసిన బొమ్మ పీడీఎఫ్‌లనీ, అను ఫాంట్ ఫైళ్లనీ ఇలాంటి సాఫ్ట్‌వేర్లు నేరుగా సరిగ్గా చదవలేవు. లెక్చరర్లకి నా విన్నపం: నోట్స్‌ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి, యూనికోడ్‌లో టైపు చేసి ఇవ్వండి. మీ క్లాసులో అలాంటి విద్యార్థి ఒక్కరే ఉన్నా సరే.

ఓరియంటేషన్ పెట్టాం, పాస్‌వర్డ్‌లు ఇచ్చాం. అయినా ఎవరూ వాడటం లేదు. (లెక్చరర్లు, లైబ్రేరియన్లు అడిగేది)

ఫస్టియర్ మొదటి వారంలో, రెండు వందల మందిని సెమినార్ హాల్లో కూర్చోబెట్టి, ఇరవై వెబ్‌సైట్ల పేర్లు తెర మీద చూపిస్తాం. ఆ రోజున వాళ్లలో ఒక్కరికీ వాటితో పని లేదు. పని పడేసరికి ఏడాదో రెండేళ్లో గడిచిపోతుంది, పేర్లు గుర్తుండవు. పిల్లలకి ఆసక్తి లేదనడం అన్యాయం. చాలామంది ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చింది వాళ్లే మొదటివాళ్లు. జర్నల్ అంటే ఏమిటో చెప్పే అన్నయ్యో అక్కయ్యో ఇంట్లో లేరు.

ప్రాజెక్టు అంశాలు ఇచ్చిన వారమే ఆ క్లాసుకి వెళ్లండి. ఇరవై నిమిషాలు చాలు. ఒక్క సాధనమే చూపించండి. ఎకనామిక్స్ వాళ్లకి ఎకనామిక్స్ ఉదాహరణతో, జువాలజీ వాళ్లకి తేలినీలాపురం పక్షులతో. మీరు తెర మీద చూపించడం కంటే వాళ్ల ఫోన్లలో వాళ్లే లాగిన్ అయ్యి, ఒక్క పేపరు దించుకుని లేవడం ముఖ్యం. అక్కడే పాస్‌వర్డ్ గొడవలన్నీ తీరిపోతాయి.

రెండోది లెక్చరర్ల చేతిలో ఉంది. అసైన్‌మెంట్‌లో ఒక్క వాక్యం చేర్చండి: "ఎన్-లిస్ట్ నుంచి ఒక పేపరు చదివి దాని వివరాలు రాయాలి." నేను చూసినంతలో పోస్టర్లన్నీ కలిపి చెయ్యలేని పని ఆ ఒక్క వాక్యం చేస్తుంది. కాలేజీల నాణ్యతని పరిశీలించే నాక్ తనిఖీకి ముందు మాత్రమే వాడకం లెక్కలు తీస్తే ఏం లాభం? ప్రతి నెలా తీసి, డిపార్ట్‌మెంట్ల వారీగా స్టాఫ్ మీటింగ్‌లో పెట్టండి. ఏ క్లాసుకి వెళ్లాలో ఆ లెక్కలే చెబుతాయి.

డిజిటల్ సాధనాల అవగాహన, వాడకం మీదే నా డిసర్టేషన్. సర్వే ఎలా చెయ్యాలి?

మంచి అంశం. "మీకు శోధగంగ తెలుసా?" అని అడిగితే ఎక్కువ మంది అవుననే టిక్కు పెడతారు. పేరు వినడమూ తెలిసినట్టే అనుకుంటారు మరి. దాని బదులు "ఆఖరిసారి ఎప్పుడు తెరిచారు, ఏం వెతికారు, ఎక్కడ ఆగిపోయారు" అని అడగండి. వీలైతే కొద్దిమందిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పేపరు వెతకమని చెప్పి, చూస్తూ రాసుకోండి. మధ్యలో సాయం చెయ్యకండి. లాగిన్ పేజీ దగ్గర ఎంతమంది ఆగిపోతారో చూస్తే మీకే తెలుస్తుంది.

గూగుల్ ఫామ్ ఒక్కటే పంపితే ఆన్‌లైన్‌లో చురుగ్గా ఉండేవాళ్లే నింపుతారు. అసలు వాడనివాళ్లు మీ లెక్కలోకే రారు. కాగితం ఫారాలు కూడా పంచండి. బస్సుల్లో వచ్చిపోయేవాళ్లని, హాస్టల్ వాళ్లని, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లని విడివిడిగా లెక్కపెట్టండి. తేడా ఉంటే అక్కడే కనపడుతుంది. లైబ్రరీ అనుమతితో వాడకం రిపోర్టులు తీసుకుని, విద్యార్థులు చెప్పినదాంతో పోల్చండి.

చదువు అయిపోయింది. కాలేజీ లాగిన్ పోయింది. ఇప్పుడెలా?

శోధగంగ, పబ్‌మెడ్, డీఓఏజే, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఎప్పటికీ తెరిచే ఉంటాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఎవరైనా ఫ్రీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. పోటీ పరీక్షల మెటీరియల్ కూడా అక్కడ ఉంది. చందాతో వచ్చే పేపరు ఏదైనా కావాలంటే రచయితకే మెయిల్ రాయండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు. పాత విద్యార్థుల్ని లైబ్రరీలో కూర్చుని చదువుకోనిచ్చే కాలేజీలు కూడా ఉన్నాయి. మీ కాలేజీలో ముందు ఫోన్ చేసి అడగండి, వెళ్లేటప్పుడు పాత ఐడీ కార్డు గానీ ఆధార్ గానీ దగ్గర పెట్టుకోండి.